చిప్స్ డ్రమ్ము దగ్గర మొదలయ్యే పని

షిఫ్ట్ దిగే ముందు మిషన్ ట్రేలోని చిప్స్ ఊడ్చి, ఏ మిషన్‌వైనా ఒకే డ్రమ్ములో పోసేస్తున్నారా? ఆ అలవాటు ఈరోజే మానండి. సీఎన్‌సీ మీద అల్యూమినియం కోసేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే.

విమాన భాగాలు కోసేటప్పుడు దిమ్మలో ఎక్కువ భాగం చిప్స్‌గానే రాలిపోతుంది. దాన్ని కరిగిస్తే, సన్నటి రజను కాబట్టి బాగా ఆక్సైడ్ పట్టి, కొంత లోహం చిట్టెంగా పోతుంది. అవే చిప్స్‌తో గుల్ల లోహం, అంటే అల్యూమినియం ఫోమ్, కూడా చేయవచ్చు. లోపలంతా మైసూర్‌పాక్ లాగా గుల్లగా ఉంటుంది. మామూలు అల్యూమినియం ఘన సెంటీమీటరుకు 2.7 గ్రాములు తూగితే, ఫోమ్ సాధారణంగా ఒక గ్రాము కూడా తూగదు. బండిలో వాడితే, గుద్దుకున్నప్పుడు దాని గోడలు ఒకదాని తర్వాత ఒకటి ముడుచుకుపోతాయి. దెబ్బ శక్తి చాలావరకు ఆ నలగడంలోనే ఖర్చయిపోతుంది కాబట్టి లోపల కూర్చున్న మనిషి దాకా తక్కువే వస్తుంది.

ఫోమ్ చేయాలంటే కరిగిన లోహంలో బుడగలు నిలవాలి. ద్రవం పల్చగా ఉంటే అవి పైకి తేలి పగిలిపోతాయి. జపాన్‌లో పేరుపడ్డ ఒక పద్ధతిలో, 680 డిగ్రీల దగ్గర కాల్షియం కలిపి ద్రవాన్ని చిక్కబరుస్తారు. తర్వాత టైటానియం హైడ్రైడ్ పొడి వేస్తే హైడ్రోజన్ పుట్టి, పులిసిన దోసెపిండిలా పొంగుతుంది. చిప్స్ మీది ఆక్సైడ్ పొర తగు మోతాదులో ఉంటే బుడగ గోడలను నిలబెడుతుంది కూడా. కొలిమివాడు తిట్టుకునే పొరే ఇక్కడ సాయానికొస్తుంది. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే.

అయితే అల్యూమినియం రకాలు (గ్రేడ్‌లు) కలిస్తే అంతా చెడుతుంది. 7075లో జింక్, 2024లో రాగి ఎక్కువ, 6061లో మెగ్నీషియం, సిలికాన్. ఒక్కోటి ఒక్కో వేడి దగ్గర కరుగుతుంది. నేను పనిచేసిన ఒక షాపులో స్టీల్ రజను కలిసి మంచి లాటంతా చవక స్క్రాప్ ధరకు పోయింది. అయస్కాంతం తిప్పితే మామూలు స్టీల్ దొరుకుతుంది గానీ చాలా స్టెయిన్‌లెస్ రకాలు దొరకవు. కలవకుండా చూసుకోవడమే దారి.

ఒక జాగ్రత్త ప్రాణాలకు సంబంధించింది. కూలెంట్ తడి ఉన్న చిప్స్ కరిగిన లోహంలో పడితే పేలుతుంది. వడకట్టి, కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. మెగ్నీషియం, టైటానియం చిప్స్ వేరుగా పెట్టండి. అవి అంటుకుంటే నీళ్లు పోయకూడదు. పొడి ఇసుక, లోహపు మంటలకు వాడే డ్రై పౌడర్ దగ్గరుంచుకోండి.

ఈ దారిలో ఎదగాలనుకునే ఐటీఐ, డిప్లొమా వాళ్లు పౌడర్ మెటలర్జీ మూలసూత్రాలు, నొక్కుడు పరీక్ష గ్రాఫు చదవడం నేర్చుకోండి. హైదరాబాద్ బాలానగర్‌లో టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీ, బాలాపూర్‌లో పౌడర్ మెటలర్జీ పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ మనకు దగ్గరే. వాటి కోర్సులు, ప్రాజెక్టుల ప్రకటనలు చూస్తూ ఉండండి.

రేపు సూపర్‌వైజర్‌ను మూతలున్న మూడు డ్రమ్ములు అడగండి. ఒక్కోదాని మీద గ్రేడు, తేదీ, మిషన్ నంబరు పెయింట్‌తో రాయండి.