నాయకుడు పోయిననాడు: కొత్తగా విలేకరి అయిన మేనల్లునికి లేఖ



వివాదాస్పదుడైన స్థానిక నాయకుడు మరణించిన రోజున, అభిమానుల కన్నీళ్లనే యోగ్యతాపత్రంగా తీసుకొని కీర్తించడమో, రౌడీ షీట్‌నే, అంటే పోలీసులు నిఘా కోసం తెరిచే దస్త్రాన్నే, జీవితచరిత్రగా భావించి ఖండించడమో విలేకరికి సులువుగా తోస్తుంది. ‘చచ్చినవాని కండ్లు చారెడు’ అన్న సామెత మొదటి పొరపాటును ఎత్తిచూపుతుంది కానీ, రెండవది కూడా అంతే నష్టం చేస్తుంది.

ఇందుకు విజయవాడను మించిన పాఠం లేదు. 1970ల నుంచి విద్యార్థి సంఘాల, రవాణా కార్మిక సంఘాల ఆధిపత్య పోరులో అక్కడ ముఠా రాజకీయాలు పెరిగాయి. 1974లో అన్న రాధా హత్యకు గురైన తరువాత తమ వర్గం నాయకత్వం చేపట్టిన వంగవీటి మోహనరంగా 1985లో కాంగ్రెస్ శాసనసభ్యుడై, 1988 డిసెంబర్ 26న నిరాహార దీక్షలో ఉండగా హత్యకు గురయ్యారు. కోస్తా జిల్లాల్లో అల్లర్లు చెలరేగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. విజయవాడలో కర్ఫ్యూ విధించారు. రంగా కాపు కులస్థుడు, ఆయన ప్రధాన ప్రత్యర్థులు కమ్మవారు కావడంతో, హత్యతో ఏ సంబంధమూ లేని కమ్మవారి దుకాణాలు, ఆస్తులు దాడులకు గురయ్యాయి. దుఃఖం నిజమైనదే అయినా, అది ఒక కులం మీద కక్షగా మారినప్పుడు దానిని ‘ప్రజాగ్రహం’ అనే గౌరవప్రదమైన మాటతో కప్పడం విలేకరికి తగదు.

అలాగని ఏడ్చినవారిని మోసపోయినవారిగా చూడడమూ తప్పే. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు కదలని చోట పేదవాడు నాయకుని గడప తొక్కుతాడు. అక్కడ జరిగే సెటిల్‌మెంట్, అంటే కోర్టు బయట పలుకుబడితో తగాదా తేల్చడం, ఒకరికి ఆసరా అయితే మరొకరికి ఆస్తి నష్టం కావచ్చు. ఒకే అధికారం ఈ రెండింటినీ కలిగించింది కనుక, ఒకే మరణానికి ఒక ఇంట శోకం, మరొక ఇంట ఊరట కలగడంలో వింత లేదు. అయితే శోకించేవారు అంతిమయాత్రలో కనిపిస్తారు, ఊరట పొందినవారు భయంతో నోరు విప్పరు. కాబట్టి జనసందోహాన్ని బట్టి ఊరంతటి అభిప్రాయాన్ని లెక్కగట్టరాదు.

ఓట్ల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం. 1989లో రంగా భార్య రత్నకుమారి విజయవాడ తూర్పు నియోజకవర్గం నుంచి, 2005 జనవరి 24న అనంతపురంలో రాజకీయ నాయకుడు పరిటాల రవి హత్య జరిగాక ఆయన భార్య సునీత పెనుకొండ ఉప ఎన్నికలో గెలిచారు. ఇటువంటి గెలుపులను సానుభూతి ఓటు, అంటే మరణం పట్ల జాలితో వేసే ఓటు, అని తేల్చేయడం పరిపాటి. కానీ రక్షకుడు పోయాడన్న అభద్రత, వర్గం చెదరకూడదన్న పట్టుదల కూడా అందులో ఉండవచ్చు.

అందువల్ల మరణవార్త రాసే విలేకరి కేసుల్లో ఆరోపణ ఏదో, కోర్టు తీర్పు ఏదో విడదీసి చెప్పాలి. నాయకుని వల్ల మేలు పొందినవారితోపాటు నష్టపోయినవారి మాటనూ, అవసరమైతే పేరు దాచి, నమోదు చేయాలి. అల్లర్లలో పోయిన సామాన్యుల పేర్లు నాయకుని పేరు చాటున మరుగున పడకుండా చూడాలి. హడావిడి అణిగాక ఆ గడపకు వెళ్లిన తగాదాలు ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నాయో ఆరా తీసి రాసినప్పుడే, ఆ నాయకుడు ఆ ఊరికి ఎందుకు అవసరమయ్యాడో పాఠకునికి తెలుస్తుంది.


మేనమామ