వరిమడిలో చేపల పెంపకము: పంచాయతీ చేయదగిన పని

అనంతపురం పీఠభూమిలో సాలీనా వర్షపాతము సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. కావున ఇచ్చట వరి ప్రధానముగా చెరువుల క్రిందను, తుంగభద్ర ఎగువ కాలువ క్రిందను, బోరుబావుల క్రిందను సాగగుచున్నది. వీనిలో చెరువు, కాలువ నీరు నిలుచు మడులలో వరితోపాటు చేపలను పెంచు విధమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. చైనాలోని చింగ్‌థియాన్ ప్రాంతపు వరి–చేపల సేద్యమును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2005లో వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. మన దేశమున అరుణాచల్ ప్రదేశ్‌లోని జీరో లోయలో అపాతానీ రైతులు వరిమడులలో బంగారుతీగ చేపలను పెంచుచున్నారు.

చేప నీటిలో పడిన దోమలను, పురుగులను తినును. లేత కలుపును అణచును. దాని పెంట మడికి ఎరువగును. అయితే కాండములో దాగిన తొలుచు పురుగును పట్టజాలదు. పశువుల ఎరువు వేయుట మానరాదు.

మడిలో పదవ వంతున అర మీటరు నుండి ఒక మీటరు లోతు కందకము త్రవ్వవలెను. నీరు తగ్గినపుడు చేపకు అదియే ఆశ్రయము. గట్లను ఎత్తుచేసి మడవలకు జాలి కట్టవలెను. నాటిన 10–15 దినములకు, పైరు వేళ్లూనిన పిమ్మట, రెండంగుళముల పిల్లలను వదలవలెను. కోతకు ముందు నీరు తీసివేయగా చేపలు కందకమున చేరును, అచ్చట పట్టుకొనవచ్చును.

ఇక పంచాయతీ బాధ్యత. నీరు ఒక మడినుండి మరియొక మడికి పారును. ఎగువ రైతు సైపర్‌మెత్రిన్ వంటి మందు చల్లినచో దిగువ రైతు చేపలు చచ్చును. ఒకరు ఎంత జాగ్రత్తపడినను చాలదు. కనుక పంచాయతీ ఈ క్రింది ఏర్పాట్లు చేయవలెను.

1. ఒకే పారుదల క్రింది రైతులందరిని కూర్చుండబెట్టి, మందుల విషయమున ఒక్క కట్టుబాటు చేయించవలెను. మందు చల్లిన మడి చేపను తినరాదు, అమ్మరాదు.

2. చెరువులో మూడు నాలుగు నెలల నీరు కలదని నిర్ధారించుకొనిన పిదపనే పిల్లలను తెప్పించవలెను.

3. చేపలకొరకు బోరుబావి నీటిని మడిలో నిలుపనీయరాదు. భూగర్భజలము త్రాగునీటికి ఆధారము.

చెరువు నిండిన ఏట ఒక పారుదలలో ముందుగా ఆరంభించి, ఫలితము చూచి విస్తరింపవలెను. నిండని ఏట పిల్లలను కొనకుండుటయే లాభము.