సంఘపు లెక్కల యంత్రమునకు బాధ్యు లెవరు?

మన పరపతి సంఘముల చిట్టా ఆవర్జాలు క్రమముగా కంప్యూటరులోనికి చేరుచున్నవి. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశములోని 63,000 ప్రాథమిక సంఘములకు ఈ యేర్పాటు చేయుటకై 2,516 కోట్ల రూపాయల వ్యయమునకు సమ్మతించి, నాబార్డు ద్వారా ఆ పనిని నడుప నిర్ణయించెను. యంత్రము వచ్చుట మంచిదే. కాని అందలి లెక్కకు జవాబు చెప్పవలసినవా రెవరు? అప్పు లిచ్చి వసూలు చేయు కార్యదర్శియా, యంత్రమును నడుపు కంప్యూటరు విభాగమువారా? దీనిని ముందుగా తేల్చుకొనని చోట రైతు నష్టపడుట మేము కన్నులార చూచితిమి.

మే మెరిగిన యొక సంఘమున ఒక సభ్యుడు లక్ష రూపాయల పంట ఋణము తీసికొనెను. ఇట్టి ఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులోపల చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వము నూటికి 3 చొప్పున తగ్గించును గనుక నికరముగా 4 పడును. అనగా సంవత్సరమునకు 7,000 కట్టవలసినచోట 4,000 చాలును. అతడు గడువు దినముననే సాయంకాలము పైకము కట్టెను. ఆనాడు లైను లేనందున గుమాస్తా చేతి రసీదు వ్రాసి యిచ్చి, మూడవనాడు యంత్రములో నెక్కించెను. యంత్రము ఎక్కించిన తేదీనే కట్టిన తేదీగా గ్రహించి, గడువు దాటినదని 3,000 రూపాయల రాయితీని త్రోసివేసెను.

రైతు పోయి యడుగగా కార్యదర్శి, "అది కంప్యూటరు లెక్క బాబాయీ, మా చేతిలో లేదు, జిల్లా బ్యాంకులో అడుగు" మనెను. అక్కడి కంప్యూటరు విభాగమువారు, "వడ్డీ నిబంధనలు మాకు తెలియవండి, మీ సంఘమువారు వ్రాసి పంపిన మార్చెదము" అనిరి. ఇరువురిలో నెవరును అబద్ధమాడలేదు. అయినను దమ్ముల కాలమున ఆ రైతు నాలుగు మారులు బస్సెక్కి తిరిగెను.

ఈ తగవు మనకే ప్రత్యేకమైనది కాదు. నగరములలోని సాఫ్ట్‌వేర్ వర్తక సంస్థలలో అమ్మకము, బిల్లు, వసూలు అను మూటిని ఒక్కచో చూచు శాఖ కలదు; దానిని 'రెవిన్యూ ఆపరేషన్స్' అందురు. (ఇది తాసిల్దారుగారి రెవిన్యూ కాదు.) ఖాతాదారుల పట్టీలు, బిల్లుల యంత్రములు ఈ శాఖ క్రింద నుండవలెనా, కంప్యూటరు శాఖ క్రింద నుండవలెనా యని అచ్చటను వాదములు జరుగుచుండును.

చెరువు తూమును తలచుకొనుడు. తలుపు తుప్పు పట్టకుండ, మర జారకుండ చూచువాడొకడు. ఏ మడికి ఎన్నినాళ్లు నీరు పారవలెనో నిర్ణయించువారు ఆయకట్టు రైతులు. మర తెలిసినవాడని వంతులు గూడ వానికే వదలినచో చివరి మళ్లు ఎండిపోవును. మా యభిప్రాయమున యంత్రపు లెక్కయు నట్టిదే. ఏ తేదీని గడువునకు లెక్కింపవలెను, వడ్డీ ఎప్పటినుండి నడువవలెను, ఎరువుల బాకీని ఏ పద్దున వేయవలెను, ఇవి సభ్యునికి ముఖాముఖి జవాబు చెప్పు ఋణ విభాగమువారి పనులు. వీనికి కార్యదర్శియే బాధ్యుడని పాలకవర్గము తీర్మానపు పుస్తకమున పేరు వ్రాయవలయును.

అట్లని సమస్తమును కార్యదర్శి చేతికే యిచ్చుటయు ప్రమాదమే. మరియొక సంఘమున పాస్‌వర్డు గుమాస్తా యొక్కనికే తెలియును. అతడు ఉద్యోగము మానిపోగా పదునైదు దినములు ఖాతాలు తెరువబడలేదు. నకలును ఎవరును తీసి యుంచలేదు. కావున ఎవరికి ఎంతవరకు ప్రవేశ ముండవలెను, నకళ్లు ఎచట భద్రపరుపవలెను, ఒక పట్టీని మరియొక దానితో నెట్లు కలుపవలెను అనునవి కంప్యూటరువారి యధీనముననే యుండదగును. రాష్ట్రమంతటికి ఒక్కటైన సాఫ్ట్‌వేరును ఒక సంఘము తనంత తాను మార్చుకొనజాలదు గదా. కోరువారు కార్యదర్శి, చేయువారు కంప్యూటరువారు. చేసిన మార్పును పది పాత ఖాతాలపై పరీక్షించి చూచి, సరియని చేవ్రాలు చేయువాడు మరల కార్యదర్శియే. ఈ పరీక్ష చేయని మార్పును మేము నమ్మము. కోరినవాడే మార్చి, వాడే సరిచూచుకొనిన యెడల దొంగలెక్కకు దారి యేర్పడును.

పైన చెప్పిన సంఘమున తుదకు 'కట్టిన తేదీ', 'ఎక్కించిన తేదీ' అని రెండు గళ్లు వేరుపరచిరి. చేతి రసీదు ప్రతి ఆధారముగా ఆ సభ్యుని 3,000 రూపాయలు మూడు నెలలకు ఖాతాకు జమపడెను. ఆ గడి ముందే లేకపోవుటకు కారణము విచారింపగా, లైను లేని దినమున ఏమి జరుగునో ఋణ గుమాస్తాను ఎవరును అడిగియుండలేదని తెలిసినది.

సభ్యులు చేయదగిన దొకటి కలదు. యంత్రపు రసీదు చేతికి వచ్చువరకు చేతి రసీదును పారవేయకుడు. రెండింటిమీది తేదీలను సరిపోల్చి, భేదమున్న యెడల సంవత్సరపు లెక్కలు ముగియకమునుపే కార్యదర్శికి వ్రాతమూలకముగా తెలిపి, అందినట్లు ఆ నకలుమీద చేవ్రాలు పుచ్చుకొనుడు.