ఉప్పు నేలకు విత్తనం ఎలా తయారవుతుంది: ఖార్చియా గోధుమ నుంచి బందరు వరి దాకా

రాంబిల్లి, అచ్యుతాపురం, భీమిలి వైపు సముద్రానికి దగ్గరగా పొలాలున్న వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒక్కటే: "ఉప్పును తట్టుకునే విత్తనం ఉందా?" ఉంది. కానీ అది ఏం చేస్తుందో, ఏం చేయలేదో తెలియకుండా కొంటే ఒక సీజన్ పోయినట్టే.

ముందు గోధుమ సంగతి చెప్తాను. మనం విశాఖలో గోధుమ వేయం, అయినా ఈ పాఠం అక్కడే బాగా అర్థమవుతుంది. రాజస్థాన్‌లో పాలి జిల్లా వైపు ఉప్పు నేలల్లో రైతులు తరాలుగా ఖార్చియా అనే నాటు గోధుమ పండించేవారు. ఉప్పుకు జంకదు గానీ పొడుగ్గా పెరుగుతుంది, తుప్పు తెగులు పడుతుంది, దిగుబడి తక్కువ. దాని నుంచి వచ్చిన ఖార్చియా 65ను, బాగా కాసే డబ్ల్యూఎల్ 711తో సంకరం చేసి, కర్నాల్‌లోని కేంద్ర మృత్తికా లవణీయత పరిశోధన సంస్థ 1990లో కేఆర్ఎల్ 1-4 రకం ఇచ్చింది. తర్వాత కేఆర్ఎల్ 19, కేఆర్ఎల్ 210 వచ్చాయి. నాటు విత్తనం దాచిన రైతు లేకపోతే ఇవేవీ లేవు. ఇది మన సహజ వ్యవసాయం వాళ్ళు గర్వంగా చెప్పుకోవాల్సిన మాటే.

లోపల జరిగేది ఇది. వేరు పీల్చిన నీటితో పాటు సోడియం కూడా పైకి పోతుంది, ఆకులో పేరుకుని ఆకును మాడ్చేస్తుంది. తట్టుకునే మొక్క ఆ సోడియాన్ని దారిలోనే వేరు వైపు వెనక్కి లాక్కుంటుంది. ఈ పని చేసే జన్యువును 2005లో నోనా బోక్రా అనే నాటు వరిలో గుర్తించారు. అదే కుటుంబం జన్యువును ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఒక పాతకాలపు గోధుమ జాతి నుంచి మామూలు సంకరంతోనే డ్యూరమ్ గోధుమలోకి తెచ్చారు. ఉప్పు పొలంలో గింజ 25 శాతం దాకా పెరిగిందని 2012లో ప్రకటించారు.

మన తీరానికి పనికొచ్చేవి మచిలీపట్నం పరిశోధన స్థానం వరి రకాలు: ఎంసీఎం 100, ఎంసీఎం 103. అయితే వరి గోధుమ కంటే సుకుమారం. నేల ఈసీ 6 దాకా గోధుమకు పెద్దగా నష్టం ఉండదు, మామూలు వరికి 3 దాటితేనే దిగుబడి పడిపోతుంది. అందులోనూ నారు దశ, పూత దశ ప్రమాదం. అందుకే 30 రోజులు దాటిన ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు వేయండి. లేత నారుతో ఒంటి మొక్క నాటే శ్రీ పద్ధతి ఈ నేలలో వద్దు.

పైన తెల్లగా ఉప్పు పేరితే పాల చౌడు. నల్లగా, గట్టిగా ఉండి నీరు ఇంకకపోతే కారు చౌడు. పాల చౌడుకు వాన నీటిని కట్టి, మురుగు కాలువలోకి వదలడమే మందు. కారు చౌడుకు జిప్సం, తర్వాత జీలుగు కలియదున్నడం కావాలి. జీవామృతం పోస్తే ఉప్పు పోతుందనే వాళ్ళతో నేను ఒప్పుకోను, సోడియాన్ని సూక్ష్మజీవులు తినేయవు. ఆచ్ఛాదన మాత్రం నిజంగా పనిచేస్తుంది, ఎండాకాలంలో కింది ఉప్పు పైకి రాకుండా ఆపుతుంది.

మీటరుతో ఈసీ చూడడం వీడియోలో చూపించాను. ఒక పాలు మట్టి, రెండు పాళ్ళ నీళ్ళు కలిపి చూస్తే అంకె ల్యాబ్ అంకె కంటే తక్కువ వస్తుంది. 3, 6 అనేవి ల్యాబ్ లెక్కలు, వీటిని కలపకండి.

సొంతంగా ఎంపిక చేయాలంటే, చుట్టూ మొక్కలు మాడినా నిలబడి గింజ కట్టిన కుదుర్ల నుంచి కంకులు వేరుగా కోయండి. కుదురు కింద మట్టి ఈసీ కూడా చూడాలి, ఎందుకంటే అక్కడ ఉప్పే తక్కువ ఉండొచ్చు. మరుసటి ఏడు ఒక్కో కంకికి ఒక్కో సాలు వేసి, మధ్యమధ్యలో మీరు ఇప్పుడు వేసే రకం సాలు పెట్టండి. దానికంటే బాగా కాసిన సాళ్ళ విత్తనమే ఉంచి, మూడు నాలుగేళ్ళు ఇలాగే చేయండి.