సుడిని కాదు, చుట్టూ చూడు

పుదుచ్చేరి,
అక్టోబరు 18.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

యానాం వాట్సాప్ గ్రూపులో తుఫాను కబుర్లు పెట్టేది నువ్వేనని మీ అమ్మ ఫోన్లో మురిసిపోయింది. మంచి పనేరా. కానీ వేటకెళ్లేవాళ్లు ఆ కబురు చూసుకునే పడవ తీస్తారు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఉపగ్రహ చిత్రంలో అందరూ సుడినే చూస్తారు. నువ్వు దాని చుట్టూ ఏముందో చూడు. తుఫాను తన దారి తాను ఎంచుకోదు, చుట్టూ ఉన్న గాలే దాన్ని నడిపిస్తుంది. మన ఉత్తరార్ధగోళంలో అధిక పీడనం చుట్టూ గాలి సవ్యదిశలో తిరుగుతుంది. అది తుఫానుకు ఉత్తరాన బలంగా కూర్చుంటే, దాని దక్షిణపు అంచు గాలి తుఫానును పడమరకు, అంటే మన తీరం మీదికి తోస్తుంది. ఆ అధిక పీడనం పడమటి అంచుకు చేరిన తుఫాను ఉత్తరానికి మళ్లి, బెంగాల్ వైపో మయన్మార్ వైపో పోతుంది.

రెండు అధిక పీడనాల నడుమ చిక్కితే నడిపే గాలే ఉండదు. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను ఇక్కడ అలాగే కదలకుండా నిలబడింది. గాలి వేగం గంటకు 70–80 కిలోమీటర్లే. కానీ తెల్లారేసరికి 24 గంటల్లో 48 సెంటీమీటర్ల వాన కురిసింది. మా ఊళ్లో 2004 నాటి పాత రికార్డు 21 సెంటీమీటర్లే. కృష్ణానగర్‌లో జనాన్ని బయటికి తేవడానికి సైన్యం దిగాల్సి వచ్చింది. కాబట్టి గాలి వేగం ఒక్కటే రాసి ఊరుకోకు. ఎంత వేగంగా కదులుతోందో కూడా రాయి.

ఇక పొడిగాలి. అది తుఫాను లోపలికి చొరబడితే చినుకులు గాల్లోనే ఆవిరైపోతాయి. ఆ గాలి చల్లబడి కిందికి దిగుతుంది, ఎత్తుగా లేచిన మబ్బు కూలిపోతుంది. దీంతో బలం తగ్గడమే కాదు, దారీ మారుతుంది. ఎత్తైన తుఫానును అయిదారు కిలోమీటర్ల ఎత్తున వీచే గాలులు నడుపుతాయి. కుంగిపోయినదాన్ని కింది గాలులు లాక్కుపోతాయి. మన శీతకాలంలో ఆ కింది గాలులు ఈశాన్యం నుంచి వస్తాయి. 2013 డిసెంబరులో ‘మాది’ అనే తుఫాను ఉత్తరంగా వెళ్తూ వెళ్తూ నైరుతికి వెనుదిరిగింది. 12న వేదారణ్యం దగ్గర తీరం దాటేసరికి అది ఉత్త వాయుగుండం. అంతకు రెండు వారాల ముందు లెహర్ తుఫాను కూడా అతి తీవ్ర తుఫానుగా ఎదిగి, మచిలీపట్నం చేరేసరికి వాయుగుండమైపోయింది.

అలాగని ‘పొడిగాలి వస్తోంది, భయం లేదు’ అని మాత్రం ఎప్పుడూ రాయకు. 2011 డిసెంబరు 30న థానే తుఫాను శీతకాలంలోనే వచ్చి, 140 కిలోమీటర్ల దాకా గాలితో మా ఊరికీ కడలూరుకూ మధ్య తీరం దాటింది. జీడితోటలు, పనస చెట్లు నేలకొరిగాయి.

బులెటిన్ పెట్టేటప్పుడు అది ఏ గంటకు ఇచ్చిందో ముందు రాయి. దారిని ఒక్క గీతగా చూపించకు, పక్కకు ఎంత తప్పే వీలుందో కూడా చూపించు. వాతావరణ శాఖ హెచ్చరిక ఎత్తేసేదాకా ‘వేటకు పోవచ్చు’ అన్న మాట నీ నోట రాకూడదు.

ఈసారి అల్పపీడనం పడగానే అధిక పీడనం ఎక్కడుందో, పొడిగాలి ఎటు నుంచి వస్తోందో నువ్వే చూసి నాకు రాయి. తప్పుంటే ఇద్దరం కలిసి దిద్దుకుందాం.

ఇట్లు,
మీ మామయ్య