అడుగు గంజి

సుమతీ,

నీ ఉత్తరం చదివి వినిపించినాక మీ అవ్వ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్లకు ఆ పుస్తకాల పిచ్చి అంటించింది నేనేనంట. ప్రిమో లేవీని చదవడం మొదలుపెట్టినప్పటి నుంచి మెస్సులో ముద్ద దిగడం లేదని రాసినావు. చదువు ఆపమని నేననను. రాత్రి అన్నం మాత్రం మానొద్దు. ఈ ఒక్క మాట రాద్దామనే కూర్చున్నా.

నువ్వు ఎండాకాలంలో ఇక్కడ మరిచిపోయిన లేవీ పుస్తకాన్ని భూతద్దం పెట్టుకొని నేనూ చదివినా. ఇరవై నాలుగేండ్ల యూదు కెమిస్టు. 1944 ఫిబ్రవరిలో 650 మందితో ఒక రైల్లో నాజీల ఆష్విట్జ్ శిబిరానికి పోయినాడు. 1945 జనవరి 27న రష్యా సైన్యం వచ్చేదాకా ప్రాణం నిలుపుకున్నాడు. ఈ లెక్కలు నీ పరిశోధన గైడుకు పనికొస్తాయి. నన్ను పట్టుకున్నది సూపు వరస. పైన నీళ్లు, అడుగున ముక్కలు. గరిటె అడుగుకు పోయే వేళకు తన వంతు రావాలని ఒక్కొక్కడూ లెక్క వేసుకుంటాడు చూడు, అక్కడ పుస్తకం మూసేసినా.

1952 కరువులో నాకు ఎనిమిదేండ్లు. ఊళ్లో గంజి కేంద్రం పెట్టినారు. నేను ముందే ఉరుకుతుంటే మా అమ్మ చొక్కా పట్టి వెనక్కి లాగేది. "ముందు పోతే నీళ్లు పోస్తారు, ఆగరా." మరీ ఆలస్యమైతే గుండిగ గీకిన చప్పుడే దక్కేది. ఒకరోజు అమ్మ మాట వినకుండా ముందు దూరి తెల్లనీళ్లు తెచ్చుకున్నా. ఆమె తిట్టలేదు. తన సత్తుచెంబులోది నా దాంట్లోకి వంచింది. నువ్వేం తాగుతావమ్మా అని అడగాలని నాకు తోచలేదు.

అట్లని కరువు గంజి, శిబిరం సూపు రెండూ ఒకటేనని రాసేవు, జాగ్రత్త. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే తెల్లదొర మద్రాసు కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి, పైన ఇంత చిల్లరకు దించినాడు. చరిత్రకారుడు మైక్ డేవిస్ దాన్ని నాజీల బూకెన్‌వాల్డ్ శిబిరం రేషన్ పక్కన పెట్టి చూపించినాడు. అప్పటికి మన తాలూకాలు బళ్లారి జిల్లాలోవి, అనంతపురం జిల్లా అయింది 1882లో. ఆ కరువే ధాత కరువు, దాని పేరంటే మన ముసలోళ్లు వణికేది ఊరికే కాదు. ఆ కూలి మనిషికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ కొట్లాడినాడు, తర్వాత కొంత పెంచినారు. తెల్లదొరల పాపం తక్కువని నేననను. కానీ ఖర్చు మిగలాలని జనాన్ని మాడ్చడం ఒకటి, యూదులుగా పుట్టినందుకు వెతికి పట్టుకొని చంపడానికే రైళ్లు నడపడం ఇంకొకటి. మా అమ్మ గంజి తీసుకొని ఇంటికి వచ్చింది తల్లీ. పోలిక రాసే ముందు ఆ సంగతి తలుచుకో.

సరే, అన్నం సంగతి. ఆ పుస్తకం పగలే చదువు. కంచం ముందు పెట్టుకొని చదవొద్దు. సంకటి దొరక్కపోతే అన్నమే తిను, మజ్జిగ పోసుకోకుండా లేవొద్దు. సెనక్కాయల పొడి పంపిస్తున్నా. అవ్వే రోట్లో దంచింది, కారం తగ్గించింది. మూత బిగించు, తడి చెంచా పెట్టొద్దు. లేవీ వాళ్లకు సూపు పోసినారే గానీ చెంచా ఇవ్వలేదు, రొట్టె ఇచ్చి కొనుక్కోవాల్సి వచ్చింది. నీకు హాస్టల్లో చేరిన రోజు రెండు చెంచాలు నేనే కొనిచ్చినా.

ఇక్కడ చినుకు లేదు. విత్తనం వేసినోళ్లు మొగం చూసుకుంటూ కూర్చున్నారు. పొడి ముట్టినట్టు ఒక కార్డు రాయి. రాత్రి ఏం తిన్నావో కూడా అందులో రాయి, మీ అవ్వకు చదివి వినిపించాల.

తాత