పావు వాటా లాభం: కాగితం మీద ఎంత, చేతికి ఎంత?

గుంటూరు పొగాకు వర్తకులలో ఐ.ఎల్.టి.డి. పేరు తెలియనివారు అరుదు. అది ఐ.టి.సి. కంపెనీ వారి ఆకు విభాగం. ఆ ఐ.టి.సి.లో లండనులోని బ్రిటిష్ అమెరికన్ టొబాకోకు చిరకాలంగా పెద్ద వాటా ఉన్నది. 2024 మార్చిలో 3.5 శాతం అమ్మగా అది సుమారు 25.5 శాతానికి తగ్గింది. సగానికి తక్కువ గనుక ఐ.టి.సి. దానికి సబ్సిడరీ కాదు, అసోసియేట్ మాత్రమే.

ఓట్లలో 20 శాతమో అంతకు మించో చేతిలో ఉంటే, కాదని స్పష్టంగా రుజువైతే తప్ప, ఆ కంపెనీ నిర్ణయాలలో గణనీయమైన పలుకుబడి ఉన్నట్లే లెక్క. మన దేశంలో వర్తించే ఇండ్ ఏఎస్ 28 ప్రమాణమూ ఇదే చెబుతుంది. అప్పుడు ఈక్విటీ పద్ధతి పాటించాలి.

ఉదాహరణకు ఒక కంపెనీ మరొక కంపెనీలో 25 శాతం వాటాను 100 లక్షలకు కొన్నదనుకుందాం. ఆ ఏడు రెండో కంపెనీకి పన్ను పోను 40 లక్షల లాభం వచ్చింది. 16 లక్షలు డివిడెండుగా పంచింది. కొన్న కంపెనీ తన గ్రూపు లెక్కలలో 10 లక్షలు లాభంగా చూపుతుంది. చేతికి వచ్చిన 4 లక్షల డివిడెండు మాత్రం ఆదాయం కాదు, పెట్టుబడి విలువలో నుంచి తీసివేత. కనుక ఏడాది చివర పుస్తక విలువ 106 లక్షలు. అదే కంపెనీ విడి లెక్కలలో, కొన్న ధర పద్ధతి ఎంచుకుంటే, విలువ 100 లక్షలే, ఆదాయం 4 లక్షలే. రెండూ సక్రమమైన లెక్కలే!

చిన్న మదుపుదారు పొరబడేది ఇక్కడే. గ్రూపు లాభం పెరిగిందని చూసి తనకు డివిడెండు పెరుగుతుందని ఆశపడతాడు. మిగిలిన 6 లక్షలు అవతలి కంపెనీ పెట్టెలోనే ఉన్నాయి. పావు వాటాదారు అడిగినంత మాత్రాన అవి కదలవు. లాభనష్టాల పట్టీలో అసోసియేట్ల లాభంలో వాటా అనే వరుసను, నగదు రాకపోకల పట్టీలో వచ్చిన డివిడెండును పక్కపక్కన పెట్టి చూడాలి.

షేరు ధర పడిపోయినంత మాత్రాన ఈ పద్ధతిలో నష్టం రాయరు. విలువ నిజంగా తరిగిందని ఆధారాలుంటేనే రాస్తారు. పతనం తాత్కాలికమే అనడం యాజమాన్యాలకు తేలిక. ఆడిటరు మాట చదవడం మేలు.

పలుకుబడి లేని చిన్న వాటాలకు దారి వేరు. వాటిని ఏటా సముచిత విలువకు చూపాలి. దీర్ఘకాలానికి కొన్నవాటి హెచ్చుతగ్గులను లాభనష్టాలలో కలపకుండా విడిగా చూపే వెసులుబాటు ఉన్నది. అయితే ఆ నిర్ణయం మొదట్లోనే తీసుకోవాలి, తర్వాత మార్చుకోరాదు. రేపు ఆ షేర్లు అమ్మినా వచ్చిన లాభం లాభనష్టాల పట్టీకి ఎక్కదు.